గట్టు దాటని ఉప్పు

మా వదిన మధ్యాహ్నం పూట మాట్లాడేది కాదు. ఎవర్నీ మాట్లాడనిచ్చేదీ కాదు. ఎండ నడినెత్తికి వచ్చి, మనిషి నీడ కాళ్ల కిందికి ముడుచుకునే వేళకు ఉప్పు కయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని, పెదాల మీద వేలు పెట్టుకునేది. "గమ్మునుండండే" అనేది. అంతే. ఆ తర్వాత నీళ్ల చెంబు కింద పెట్టినా చప్పుడు రాకుండా పెట్టాలి. అప్పుడు కయ్యల మీద ఎండమావులు లేస్తాయి. దూరాన గట్ల మీద నడిచేవాళ్లకు మోకాళ్ల కింద కాళ్లుండవు. అట్లాంటి వేళ, అట్లాంటి చోట, ఆమె చెవి ఒగ్గి కూర్చునేది.

అందుకే ఈ వేసవిలో ఆమె పోయినప్పుడు మాకు తెలియలేదు. ఉప్పు కుప్పకు వీపు ఆనించి గట్టు మీద కూర్చునే ఉంది. వేలు పెదాల మీద లేదు, చెయ్యి ఒళ్లో ఉంది, అదొక్కటే తేడా. మేం ఆడవాళ్లం సద్దిమూటలు విప్పుకుని, గుసగుస కూడా లేకుండా తిని, చేతులు కడుక్కుని ఒక కునుకు కూడా తీశాం. ఒకామెకు దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకుంది. చచ్చిపోయిన మనిషి చుట్టూ, ఆమెకు కోపం వస్తుందని, మేం అట్లా భయపడుతూ మెలిగాం. నీడలు సాగినా లేవకపోతే నేను పోయి భుజం మీద చెయ్యి వేశాను. ఒళ్లు వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం ఆమెది కాదు, ఎండదని తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది.

గుండె ఆగిందన్నారు ఆరోగ్య కేంద్రంలో. ఊళ్లో మాత్రం వేరే మాట నడిచింది. "ఆమెకు రొమ్ములో ఉండింది గదా, అదే తిరిగొచ్చి తీసకపోయుంటాది" అని. అది కాదు. అది ఎట్లా కాదో చెప్పాలనే ఇదంతా చెప్పిస్తున్నాను. నాకు సంతకం గీయడం తప్ప అక్షరం రాదు. నేను చెప్తుంటే రాస్తున్నది మా ఊరి ఆశా అమ్మాయి, గర్భిణులకు మాత్రలిచ్చి, ఆడవాళ్లను ఆస్పత్రికి తీసుకుపోయే పిల్ల. ఈ సంగతుల్లో తనూ ఉంది. తన్ను తిట్టిన తిట్లు కూడా వదలకుండా రాయమన్నాను.

వదిన అంటే మా ఆయనకు అక్క. మొగుడితో పొసగక చిన్న వయసులోనే పుట్టింటికి వచ్చేసింది, మళ్లీ ఆ గడప తొక్కలేదు. మా ఆయన పోయాక ఆ రేకుల ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. అల్లూరికి తూర్పున, వరి పొలాలూ రొయ్యల గుంటలూ ఆగిపోయిన చోట మా ఉప్పు కయ్యలు మొదలవుతాయి. ఏటి ఉప్పునీళ్లు పెట్టి, చుట్టూ గట్టు కట్టి, ఎండకు వదిలేసిన మడినే కయ్య అంటాం. పలక బిగించిన పొడుగు కర్రతో అడుగున పట్టిన ఉప్పును లాగి గట్టుకు చేర్చడం మా పని.

వదిన కయ్యను వెనక్కి నడుస్తూ లాగేది. వెనక గట్టు ఎక్కడుందో తిరిగి చూసేది కాదు, సరిగ్గా దాని అంచున మడమ ఆగేది.

"వీపున కళ్లుండాయా వదినా నీకు?" అని నేనడిగితే, "ఉంటే పెళ్లిపీటల మీదనే లేచి పారిపోయుండనూ" అనేది.

ఏది చూడాలన్నా చేతి వెనక వైపుతో చూసేది. అన్నం ఉడికిందా, పిల్లకు జ్వరమా, కయ్యలో నీళ్లు ఎంత కాగాయి, అన్నీ మెటికల వైపుతోనే. "అరచేతికి ఆశ ఎక్కువ మే. అది కావాలనుకున్నదే చెప్తాది. ఎనక చెయ్యికి ఏ ఆశా లేదు" అనేది. నాలుక కింద ఎప్పుడూ ఒక ఉప్పురవ్వ ఉండేది. దీపం పెట్టాక మాత్రం ఇంట్లో ఉప్పు పేరెత్తనిచ్చేది కాదు. కూరలో తక్కువైతే "తెల్లది రవంత వెయ్" అనాలి. పేరు పెట్టి పిలిస్తే వస్తుందట. ఎవరు వస్తారని అడిగితే చెప్పేది కాదు.

మధ్యాహ్నం ఎందుకు నోరు మూయించేదో మాత్రం చెప్పింది. ఎండ ముదిరి గాలి ఆగిపోయిన వేళ కయ్య నీళ్ల మీద సన్నని పొర కడుతుంది, పాల మీద మీగడలాగా. అది ఉప్పు పుట్టడం. అప్పుడు నీళ్లలోంచి చప్పుడు వస్తుందనేది. చిట్... చిట్... అని. "నీళ్లు మనసు మార్చుకునే చప్పుడు మే అది" అనేది. నాకు ఎప్పుడూ విన్నట్టే ఉండేది, ఎండకు చెవులు గింగురుమన్నట్టూ ఉండేది. ఆ వేళ కయ్యలో కాలు పెట్టినా, గట్టు మీద గట్టిగా నడిచినా పొర చెదురుతుంది. చెదిరిన పొర మునిగి అడుగున బురదతో కలిసి గట్టిపడుతుంది. "తేలేదాన్ని కదిలిస్తే అడుక్కి దిగుద్ది." ఇది ఆమె మాట. ఉప్పుకే కాదు, అన్నిటికీ ఇదే మాట. మొగుడూ పెళ్లాల గొడవకూ ఇదే, చెప్పుడు మాటకూ ఇదే.

మా ఆయన విషయంలోనూ ఆ మాటే ఆమెకు నిజమైంది. ఆయనకు మెడ పక్కన గడ్డ లేచింది. తువ్వాలు కప్పుకుని తిరిగాడు, నాకు కూడా చూపించలేదు. వక్కకాయంత అయ్యాక కానీ ఆస్పత్రికి రాలేదు. అక్కడ సూది గుచ్చి నీరు తీసి పరీక్షకు పంపారు. మరుసటి ఉప్పుకాలం ఆయన చూడలేదు. "నా తమ్ముణ్ణి సూదే చంపింది. పైన తేలేదాన్ని పొడిచినారు, అది లోపలికి దిగింది" అని శవం దగ్గరే అనింది వదిన. నేను కాదనలేదు. నాకూ అట్లాగే అనిపించింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు అల్లూరికి ఒక బస్సు వచ్చింది. లోపల మిషన్ పెట్టుకుని, ఆడవాళ్ల రొమ్ములను బొమ్మ తీసే బస్సు. ఈ ఆశా పిల్ల ఇల్లిల్లూ తిరిగి పిలిస్తే అందరం సిగ్గుతో తలుపు చాటుకు పోయాం. వదిన ఒక్కతే బయల్దేరింది. "లోపల చల్లమిషనుంటాదంట గదా. ఆ చల్లదనానికి ఎండ్రకాయ చేత గూడా కరిపించుకుంటాను" అని మమ్మల్ని నవ్వించి పోయింది. తిరిగొచ్చి, రొమ్మును రెండు పలకల మధ్య అదిమితే ఎండుచేపయిందని చెప్పింది. ఇంకోసారి నవ్వాం.

కొన్నాళ్లకు నెల్లూరు పెద్దాస్పత్రికి రమ్మని కబురొచ్చింది. తోడు నేను పోయాను.

డాక్టరమ్మ మాకంటే చిన్న మనిషే. గోడకున్న తెర మీద కుడి రొమ్ము బొమ్మ పెట్టింది. నల్లటి దానిమీద తెల్లటి పొగ. పొగ మధ్యన, ఎవరో చిటికెతో రాల్చినట్టు, సన్నని తెల్ల గింజలు. కొన్ని విడిగా, కొన్ని ఒక వరసలో. వదిన కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి పోయింది. చాలాసేపు చూసింది.

"ఉప్పు పట్టింది" అనింది.

"ఉప్పు కాదు పెద్దమ్మా, సున్నంలాంటిది. జబ్బు లేనివాళ్లలోనూ ఉంటుంది. కానీ ఇట్లా వరసగా ఉంటే మాకు అనుమానం" అంది డాక్టరమ్మ. "పాలు వచ్చే గొట్టాలుంటాయి కదా, వాటి లోపల కొన్ని కణాలు చెడిపోయి ఉండొచ్చు. గొట్టం గోడ దాటి బయటికి పోకపోతే అది ఇంకా కేన్సర్ అయినట్టు కాదు, దాని ముందు మెట్టు. సూదితో చిన్న ముక్క తీసి చూస్తేగానీ చెప్పలేను."

"యాడుండాదమ్మా అది?"

డాక్టరమ్మ బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఆడ గాదు. నా మీద చూపించు."

"చేతికి దొరకదు."

వదిన అక్కడే పైట తీసి, చేతి వెనక వైపుతో తడుముకుంది. నా చెయ్యి లాక్కుని పెట్టించింది. మెత్తగా, మామూలుగా ఉంది. గడ్డ లేదు, నొప్పి లేదు, తోలు మీద మచ్చ లేదు.

"చేతికి తగల్దు, నొప్పి పుట్టదు, కంటికి ఆనదు. దీన్నేమంటారమ్మా మీ చదువులో? దయ్యమనా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "దయ్యమైతే బొమ్మలో పడదు కదా పెద్దమ్మా" అంది.

సూది మాట మళ్లీ రాగానే వదిన పైట సర్దుకుని బయటికి నడిచింది. బస్సులో కుడి మోచేతిని రొమ్ముకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా పళ్లు బిగించింది. "తేలతా ఉండాది మే. కదిలిస్తే దిగుద్ది" అనింది.

అక్కణ్ణుంచి మా ఇంట్లో రోజంతా మధ్యాహ్నమే.

ఆమె నిండుకుండ మోస్తున్నదానిలా నడవసాగింది. ఎడమ వైపే తిరిగి పడుకునేది. కయ్యలో ఎడమ చేత్తోనే కర్ర లాగేది, లాగలేక మధ్యలో నిలబడిపోయేది. తలుపు ధడాలుమంటే ఉలిక్కిపడి రొమ్ము పట్టుకునేది. నేను తలుపు మూలల్లో గుడ్డపీలికలు కుక్కాను. రోకలి బయట పెట్టేశాను. పక్కింటి పిల్లలు మా వాకిట్లో గెంతడం మానేశారు, ఎవరూ చెప్పకుండానే. వదిన దాని పేరు ఎత్తేది కాదు. "అది" అనేది, పగలు కూడా. ఒక్కోసారి మాటల మధ్యలో ఆగి, తల రవంత వంచి, ఎవరో పిలిస్తే విన్నట్టు వినేది.

ఒకరోజు నట్టెండ వేళ నేను కునుకు నుంచి లేచేసరికి, గోడకు ఆనుకుని, పైట జార్చుకుని కూర్చుని ఉంది.

"మే, రా. చెవి పెట్టు."

"ఏంది వదినా ఇది?"

"నా చెవి నాకు ఆడికి రాదు గదా. నువ్వు పెట్టు."

పెట్టాను. ఏం చేసేది? లోపల గుండె కొట్టుకుంటోంది. వయసైన మనిషి గుండె, తడబడుతూ. దాని వెనక, దూరంగా, ఒకసారి చిట్ మంది. మళ్లీ కొంతసేపటికి చిట్ మంది. మాది రేకుల ఇల్లు, ఎండకు రేకులు అట్లాగే చిటపటమంటాయి. అదే అయి ఉంటుంది. అది రేకులేనని నేనిప్పటికీ అనుకుంటున్నాను.

"ఇనపడిందా?"

"ఏం ఇనపళ్లా" అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూసింది. పైట వేసుకుంది. "గింజ కడతా ఉండాది" అనింది నెమ్మదిగా.

ఆశా పిల్ల రోజు మార్చి రోజు వచ్చేది. వదిన అరుగు మీద కూర్చోబెట్టి మరీ తిట్టేది.

"నువ్వూ నీ బస్సూ. నా మానాన నేనుంటిని. నా రొమ్ములో ఉప్పు పోసినావు గదే."

"నేను పోయలేదు పెద్దమ్మా, ఉన్నదాన్ని చూపించినాము. ఇప్పుడైతే గోడ లోపలే ఉండొచ్చంట. దాటినాక తీయడం కష్టం."

"తమ్ముడికి గూడా తీస్తామనే గదా పొడిచినారు."

"అప్పటికే దాటిపోయుండాది ఆయనకు. సూది వల్ల గాదు."

"నువ్వు చూసినావా?"

"చూళ్లా."

"నేను చూసినాను."

ఆ పిల్ల లేచి చెప్పులేసుకునేది. వదిన వెనక నుంచి, "రేపు రాబాకు. వచ్చేపనైతే తమలపాకులు తే" అనేది. రేపు ఆ పిల్ల తమలపాకులతో వచ్చేది.

నాకు రెండు భయాలుండేవి. సూది గుచ్చితే మా ఆయనకు అయినట్టే అవుతుందని ఒకటి. గుచ్చకపోతే ఆ గోడ ఏ పూట తెగుతుందో, మాకు తెలియకుండానే ఎప్పుడు తెగిపోయిందో అని ఇంకొకటి. చేతికి తగలనిదాని కోసం ఎక్కడ కాపలా కాస్తాం? పొద్దున లేస్తూనే ఆమె ముఖం చూసేదాన్ని. బాగానే ఉండేది. అదే భయం. అది బాగున్న మనిషిలో ఉంది.

ఎండలు ముదిరి, కయ్యల్లో ఉప్పు బాగా పట్టింది. గింజ ఇంకా సన్నగా ఉంది, కొన్నాళ్లు ఆగితే లావెక్కుతుందని మేస్త్రి చెప్పి పోయాడు. ఆ మేస్త్రి మా పనులకు పెద్ద, మోటారు సైకిలు దిగకుండానే అరిచే మనిషి. ఆయన పోయాక మేం అన్నం తిని తాటాకుల నీడన ఒరిగాం. నడినెత్తిన ఎండ. గాలి లేదు. వదిన ఎప్పట్లాగే చెవి ఒగ్గి కూర్చుంది.

ఉన్నట్టుండి వెలుతురు మారింది. కయ్య నీళ్లు తెల్లగా మెరుస్తున్నవి సీసం రంగుకు తిరిగాయి. సముద్రం మీద మబ్బు లేచింది. ఆ కాలంలో రాని మబ్బు, వంకాయ రంగులో, అంచు కత్తితో కోసినట్టు. కొంగలు కూడా గట్టు దిగి గమ్మున నిలబడ్డాయి. వదిన మబ్బును చూసింది, కయ్యను చూసింది. ఉప్పు మీద వాన పడితే ఒక్క ఉదుటున మళ్లీ నీళ్లే.

లేచింది. కర్ర తీసుకుంది. మధ్యాహ్నం పూట, పొర కట్టే వేళ, తన జన్మలో ఎవర్నీ కాలు పెట్టనివ్వని వేళ, కయ్యలోకి దిగింది. కుడి చేత్తో పట్టుకుని లాగింది, ఒళ్లంతా ఊగేటట్టు.

"వదినా, చెయ్యి" అన్నాను నేను.

"నీ చెయ్యేం చేస్తా ఉండాది? కర్ర తీసుకో" అని కసిరింది. అందరం దిగాం. పొర చెదిరింది, మునిగింది, బురద లేచింది. మునిగినదాన్ని మునిగినట్టే అడుగు నుంచి గీకి గట్టుకెత్తాం. తాటాకులు కప్పాం. ఊపిరి తీసుకోవడానికి తల ఎత్తేసరికి మబ్బు లేదు. ఎటు వచ్చిందో అటే సముద్రం మీదికి పోయింది. ఒక్క చినుకు పడలేదు. ఎండ మళ్లీ తెల్లగా కాసింది, ఏమీ జరగనట్టు.

మేస్త్రి వచ్చి తాటాకు ఎత్తి చూశాడు. సన్న గింజ, బురద రంగు.

"ఎవురు గీకమన్నారు మే నిన్ను? పిచ్చి పట్టిందా?"

"వానొచ్చుంటే?"

"రాలేదు గదా."

"రాలేదు. వచ్చుంటే?"

"వచ్చేదీ రానిదీ నీకెట్ట తెలుసు? నువ్వేమన్నా దేవుడివా?"

"నాకూ తెలీదు, నీకూ తెలీదు. కయ్యలో ఉన్నంతసేపూ మనది. గట్టు దాటితే ఏటిది. నువ్వు పోయి ఏట్లో గీక్కుంటావా?"

మేస్త్రి తిట్టుకుంటూ బండెక్కి పోయాడు. వదిన గట్టు మీద కూలబడింది. కాళ్లనిండా బురద. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది, ఈసారి వెనక చెయ్యి కాదు, అరచెయ్యి.

"మే."

"ఊ."

"కదిలిస్తే దిగుద్దని గదా నేననేది?"

"అవును."

"దిగింది. దిగినదాన్ని గూడా గీకినాం గదా." కాలి బురద గట్టుకు రాసింది. "డాక్టరమ్మ ఏమనింది? గోడ దాటలేదనింది గదా?"

"చూస్తేగానీ తెలీదనింది."

"రేపు పోదాం పద" అనింది.

బొమ్మ చూసుకుంటూ సూది వేశారు. ముక్క తీసి పంపితే, డాక్టరమ్మ అనుకున్నదే వచ్చింది. గొట్టంలో చెడింది, గోడ దాటలేదు. కోసి తీయాలన్నారు. కోసే రోజున ఇంకొక వింత. చేతికి దొరకనిది కత్తికి మాత్రం ఎట్లా దొరుకుతుంది? అందుకని ముందు ఒక గదిలో రొమ్ములోకి సన్నని తీగ దించారు, ఆ గింజలున్న చోటికి దారి చూపేటట్టు. తీగ కొస బయట, దానిమీద పట్టీ. ఒక గది నుంచి ఇంకో గదికి తీసుకుపోతుంటే వదిన నా వైపు తిరిగి, "గేలానికి చిక్కింది మే" అనింది. నవ్వు ముఖం కాదు అది. నేను కూడా నవ్వలేదు.

తీసిన ముక్కను కూడా బొమ్మ తీశారు, గింజలన్నీ వచ్చాయా లేదా అని. వదిన పట్టుబట్టి ఆ బొమ్మ చూపించుకుంది. నల్లటి దాని మధ్య చిన్న తెల్లటి ముద్ద. దాంట్లో అవే గింజలు, అదే వరస.

"నాలో ఉండినప్పుడు ఎంత తడిమినా చిక్కలేదు. చూడు ఎట్ట కూర్చోనుండాదో" అనింది. చనిపోయినవాళ్ల ఫొటో చూసినట్టు చూసింది.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "అంచులు శుభ్రంగా వచ్చాయి పెద్దమ్మా. తీయకపోయుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కొందరిలో అది బతికినన్నాళ్లూ అట్లాగే ఉంటుంది, ఏమీ చేయదు. కొందరిలో గోడ దాటుతుంది. ఎవరిలో ఏదో ముందుగా తెలిసే దారి మాకు లేదు."

నాకు కడుపు మండింది. ఇంత కోసి ఇప్పుడా చెప్పడం అనుకున్నాను. వదిన మాత్రం తల ఊపింది. "ఆ మబ్బు మాదిరే" అనింది. డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకు అయింది.

తర్వాత కరెంటు పెట్టారు, రేడియేషన్ అంటారే, అది. దానికి గుర్తుగా రొమ్ము చుట్టూ చిన్న చిన్న చుక్కలు పొడిచారు, పచ్చబొట్టులాగే చెరగనివి. "చిన్నప్పుడు చేతికి తేలు బొమ్మ పొడిపిచ్చినారు. ముసిలితనంలో ఈడ చుక్కలు" అనేది. గదిలో బల్ల మీద పడుకోబెట్టి అందరూ బయటికి పోయి మందపాటి తలుపు మూసేవాళ్లు. "ఏమీ తగల్దు మే. కాలదు, గుచ్చదు. గుయ్యిమంటాది, అంతే. అంతమంది డాక్టర్లుండి, దానికి భయపడి అందరూ పారిపోతారు. నేనూ అదీ మిగుల్తాం" అనేది. కొన్నాళ్లకు ఆ వైపు తోలు కమిలి నల్లబడింది, కయ్యలో ఎండకు కమిలినట్టే, కానీ ఎండ తగలని చోట.

మళ్లీ కయ్యల్లోకి వచ్చింది. అది మళ్లీ రాకుండా ఇచ్చిన మాత్ర రోజూ వేసుకునేది, ఏటేటా బొమ్మకు పోయేది. ఒక సాయంత్రం గట్టు మీద ఉండగా దక్షిణాన శ్రీహరికోట వైపు నిప్పుగీత లేచింది. రాకెట్. చూస్తుండగానే మబ్బుల్లో కలిసిపోయింది. చాలాసేపటికి, మేం దాన్ని మర్చిపోయి కర్రలు కడుగుతుంటే, నేల అదిరినట్టు సన్నని ఉరుము వచ్చింది.

"మీ ఆయనకు గడ్డ చేతికి తగిలింది గదా, అది ఈ చప్పుడు మే. నిప్పు ఎప్పుడో పోయింది. సూది చంపలేదు వాణ్ణి" అనింది వదిన.

నేను కర్ర కడగడం ఆపి ఏడ్చాను. ఆమె చూడనట్టు ఉంది.

మధ్యాహ్నాలు చెవి ఒగ్గడం మాత్రం మానలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "డాక్టరమ్మ ఏమీ లేదనింది గదా. ఇంకా ఇనపడతా ఉండాదా?"

"లేదు" అనింది. "లేదని ఇంటా ఉండాను."

ఆమె ఆఖరి బొమ్మ కూడా శుభ్రంగానే వచ్చింది. ఆశా పిల్లే తెచ్చి చెప్పింది, పేరంటానికి బొట్టు పెట్టి పిలిచినట్టు నవ్వుతూ. ఆ తర్వాతనే ఈ వేసవి, ఆ గట్టు, ఆ మధ్యాహ్నం.

ఒళ్లు కడిగింది నేనే. తోడొచ్చిన ఆడవాళ్లు ఆ చుక్కలు చూసి వెనక్కి జరిగారు. "ఏందక్కా అవి, చేతబడా?" అనింది ఒకామె. "గట్లు" అన్నాను నేను. కోసిన చోట రొమ్ము రవంత లోపలికి పోయి ఉంది, కయ్యలో పాదం దిగిన చోటులాగా. నీళ్లు పోసే ముందు చేతి వెనక వైపు ఆనించాను. ఇల్లంతా గమ్మున ఉంది. పైన రేకులు కూడా గమ్మున ఉన్నాయి. చేతికి ఏమీ తగల్లేదు. అప్పుడూ తగల్లేదు కదా.

ఆ పూట స్నానం చేస్తూ నన్ను నేను కూడా అట్లాగే చూసుకున్నాను. అంతా మామూలే. మెత్తగా, మంచిగా ఉంది. నిలబడ్డచోటనే నాకు చలేసింది, ఆ ఎండలో.

పెద్దకర్మ అయ్యాక అల్లూరికి మళ్లీ ఆ బొమ్మ తీసే బస్సు వచ్చింది. తలుపు చాటుకు పోకుండా, తమలపాకులు మూటగట్టుకుని నేనే ఆశా పిల్ల ఇంటికి పోయి, ఆ పిల్లను తోడు తీసుకుని బస్సు దగ్గరికి నడిచాను. బస్సు మెట్టు దగ్గర ఒక పడుచుపిల్ల, నర్సు బట్టల్లో, నన్ను ఆపి అడిగింది.

"గడ్డ ఏమన్నా ఉందా అవ్వా? నొప్పి? చేతికి ఏమన్నా తగిలిందా?"

"ఏమీ తగల్లేదమ్మా" అన్నాను. "అందుకే వచ్చినాను."